అతుకులు కలవని బొంతను విప్పేయాలా?

ప్రశ్న: మెషిన్ మీద దిండు గలీబులు, సంచులు కుట్టడం వరకే నాకు వచ్చు. అక్కకు బిడ్డ పుట్టబోతోందని తెలియగానే మొదటిసారి ఒక క్విల్ట్, అంటే ముక్కల బొంత, కుట్టి ఇద్దామనుకున్నాను. ఒక్కో బ్లాకుకు తొమ్మిది ముక్కల చొప్పున ముప్పై బ్లాకులు మెషిన్ మీద కుట్టి, వరసకు ఐదు పెట్టి కలిపి, చుట్టూ బోర్డర్ వేశాను. కింద బ్యాటింగ్ (మధ్యలో పెట్టే దూది పొర), అడుగు బట్ట పరిచి మధ్యభాగం చేత్తో కుట్టడం కూడా సగం దాకా వచ్చింది. ఒకరోజు మొత్తం పరిచి చూసుకుంటే ఏడుపొచ్చింది. ముక్కల మూలలు చాలాచోట్ల కలవలేదు. ఒక బ్లాకు మిగతావాటికంటే అర అంగుళం చిన్నది. బోర్డర్ అలలు అలలుగా లేస్తోంది. వెనకవైపు రెండుచోట్ల బట్ట ముడత పడింది. నా కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. వేరేవాళ్ళు కుట్టినవి ఫొటోల్లో చూస్తే ఒక్క పొరపాటూ కనిపించదు. మడిచి బీరువాలో పెట్టేశాను. ఇప్పుడు బిడ్డకు నాలుగో నెల. అంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టాలా? ఇలాగే ఇస్తే నవ్వుతారా? అసలు ఈ పని నాకు రాదేమో అనిపిస్తోంది. — ఒక పాఠకురాలు

జవాబు: విప్పకండి. బీరువాలోంచి తీసి పూర్తి చేయండి.

మిమ్మల్ని ఓదార్చడానికి మీ బొంతలో తప్పులే లేవని చెప్పను. మీరు రాసినవన్నీ ఉండే ఉంటాయి. కాకపోతే అన్నిటినీ ఒకే గాటన కట్టి చూస్తున్నారు. వాటిలో బొంతను బలహీనం చేసేవి కొన్నే. మిగతావి కంటికి మాత్రమే తగులుతాయి, అదీ కుట్టిన మీ కంటికే ఎక్కువగా. మొదటి రకం బాగుచేయాలి. రెండో రకాన్ని వదిలేయాలి, మొదటి బొంత విషయంలో మరీను. ఈ రెంటినీ విడదీసి చూడటం తెలిస్తే మీ జాబితా చాలా చిన్నదైపోతుంది.

అర అంగుళం చిన్నదైన ఆ బ్లాకుతోనే మొదలుపెడదాం, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది అదేననిపిస్తోంది. తొమ్మిది ముక్కల బ్లాకులో ఒక వైపు కొలిస్తే మూడు ముక్కలు, వాటి మధ్య రెండు కుట్లు. క్విల్టింగ్‌లో కుట్టుకు పావు అంగుళం బట్ట వదలడం మామూలు. మీరు అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వదిలారనుకోండి. కుట్టుకు రెండు వైపులా ముక్కలుంటాయి కాబట్టి ఒక్కో కుట్టు దగ్గర పావు అంగుళం పోతుంది. రెండు కుట్లకు అర అంగుళం. మీరు పెద్ద ఘోరంగా చూస్తున్న తేడా వెనక ఉన్నది, ఆ రోజు మెషిన్ పాదం కింద బట్ట మూడు మిల్లీమీటర్లు పక్కకు జరగడమే. అన్ని బ్లాకుల్లోనూ అందులో సగం, ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా వచ్చినా, మీ బొంత అడ్డంగా పదిహేను ముక్కలు, పద్నాలుగు కుట్లు కాబట్టి, ఆ చివరికి వెళ్ళేసరికి అంగుళం ముప్పావు తగ్గిపోతుంది. మూలలు కలవకపోవడం కూడా చాలామటుకు దీని పర్యవసానమే. చేతిలో నేర్పు లేకపోవడం వేరు, ఒక్క కొలత అదుపులో లేకపోవడం వేరు. మీది రెండోది. దాన్ని ఒక మధ్యాహ్నంలో సరిచేసుకోవచ్చు.

ఎలాగంటే, అంగుళంన్నర వెడల్పున మూడు పట్టీలు కత్తిరించి పొడుగు వెంట పక్కపక్కన కలిపి కుట్టండి. ఇస్త్రీ చేసి మధ్య పట్టీని కొలవండి. సరిగ్గా అంగుళం రావాలి. తక్కువొస్తే మీ కుట్టు లోపలికి పోతోందని, ఎక్కువొస్తే అంచుకు దగ్గరగా పడుతోందని అర్థం. అంగుళం వచ్చేదాకా సర్దుకుని, ఆ కొలత దగ్గర మెషిన్ పలక మీద ఒక టేపు ముక్క అతికించుకోండి. తర్వాత మీ చూపు సూది మీద కాదు, ఆ టేపు అంచు మీద ఉండాలి. ఇంకో మాట. కుట్టిన బట్టను మడిచి ఇస్త్రీ చేసినప్పుడు ఆ మడత దగ్గర ఒకటి రెండు పోగుల మందం ఖర్చవుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు పావు అంగుళానికి ఒక పోగు తక్కువగానే కుడతారు. ఈ సంగతి మొదట్లో ఎవరూ చెప్పరు. కొత్తవాళ్ళు స్కేలు పెట్టి సరిగ్గా పావు అంగుళం కుట్టి, బ్లాకు ఎందుకు చిన్నదవుతోందో తెలియక తమనే తిట్టుకుంటారు.

ఇస్త్రీ గురించి కూడా చెప్పాలి. బట్టలకు చేసినట్టు పెట్టెను ముందుకూ వెనక్కూ లాగితే చిన్న ముక్కలు సాగిపోతాయి. ఏటవాలుగా, అంటే క్రాస్‌గా కత్తిరించిన అంచులైతే మరీ. పెట్టెను ఎత్తి, పెట్టి, నొక్కి, మళ్ళీ ఎత్తాలి. పక్కపక్క వరసల్లో కుట్టు మార్జిన్‌ను ఒకదానిలో కుడికి, ఒకదానిలో ఎడమకు మడిచి నొక్కితే, కలిపేటప్పుడు ఆ రెండు మడతలూ ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయి. వేలికి తగులుతుంది. అక్కడ గుండుసూది గుచ్చి కుడితే మూల దానంతటదే కలుస్తుంది. ఇదంతా మీ తర్వాతి బొంతకు. ఇప్పుడున్న దానిలో కలవని మూలలను అలాగే ఉండనివ్వండి. అవి ఊడిపోవు, చిరగవు.

ఇప్పుడు బాగుచేయాల్సినవి చూద్దాం. బొంతను వెలుతురున్నచోట పరిచి, ప్రతి కుట్టునూ రెండు వేళ్ళతో రెండు పక్కలకూ మెల్లగా లాగండి. ఎక్కడైనా సందు తెరుచుకుంటే, పోగులు జారుతున్నట్టు కనిపిస్తే, అక్కడ లోపల బట్ట సరిపడా అందలేదని అర్థం. ఉతికితే అది ఊడుతుంది. మీరు కలిపిన ముక్కల్లో నాలుగైదు చోట్ల ఇలా ఉండొచ్చు. మొత్తం విప్పనక్కర్లేదు. తెరుచుకున్నచోట అంచులు లోపలికి మడిచి, పైనుంచే అదే రంగు దారంతో దగ్గరదగ్గరగా, పైకి కనపడకుండా చేత్తో కుట్టేయండి. మడవడానికి బట్ట మిగలకపోతే పైన చిన్న ముక్క వేసి అతుకు కుట్టండి. బొంత పుట్టిందే అతుకుల్లోంచి, ఇంకో అతుకుతో దానికి వచ్చే లోటేమీ లేదు.

వెనక ముడతలు పడినచోట మాత్రం విప్పమనే చెబుతాను. చేతికుట్లు విప్పడం తేలిక కాబట్టి ఈ శ్రమకు ఫలితం ఉంటుంది. ముడత చుట్టూ అరచేతి వెడల్పు మేరకు కుట్లు తీసి, అడుగు బట్టను చదును చేసి, కచ్చా కుట్టు వేసి, మళ్ళీ కుట్టండి. ముడతలు పడటానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: మూడు పొరలనూ కలిపి వేసే కచ్చా కుట్టు పలచగా ఉండటం. కుట్టకుండా మిగిలిన సగానికి ఇప్పుడే ఆ పని గట్టిగా చేయండి. అడుగు బట్టను నేల మీద తిరగేసి పరిచి, బిగుతుగా లాగకుండా చదునుగా ఉంచి చుట్టూ టేపుతో అంటించి, పైన మిగతా రెండు పొరలూ సర్ది, అరచేయి పెడితే ఏదో ఒక పిన్ను తగిలేంత దగ్గరగా పిన్నీసులు పెట్టండి. కుట్టడం ఎప్పుడూ మధ్యనుంచి బయటికి సాగాలి. అప్పుడు మిగులు బట్ట ఏదైనా ఉంటే అంచులకు చేరి బయటికి పోతుంది, మధ్యలో ఇరుక్కోదు. బ్యాటింగ్ ప్యాకెట్ మీద కుట్టు వరసల మధ్య ఎంత దూరం ఉండొచ్చో రాసి ఉంటుంది. అది దాటితే ఉతికినప్పుడు లోపలి దూది పక్కకు జరిగి ఉండలు కడుతుంది. ఇది మూలలకంటే వందరెట్లు ముఖ్యం.

బోర్డర్ అలలుగా లేవడానికి కారణం అది బొంతకంటే పొడుగ్గా ఉండటమే. పొడుగు పట్టీ తీసుకుని, అంచు వెంట కుట్టుకుంటూ పోయి, చివర మిగిలింది కత్తిరించి ఉంటారు. చాలామంది అలాగే చేస్తారు. అంచులు కొద్దిగా సాగుతాయి, పట్టీ ఆ సాగిన అంచును పట్టుకుని ఇంకాస్త సాగుతుంది. మీరు ఇంకా మధ్యభాగమే కుడుతున్నారు కాబట్టి బోర్డర్‌ను ఇప్పటికీ సరిచేయొచ్చు. అల మరీ ఎక్కువగా ఉన్న వైపు ఆ కుట్టొక్కటి విప్పి, బొంతను అంచు దగ్గర కాకుండా నడిమధ్యన కొలిచి, పట్టీని ఆ కొలతకే కత్తిరించి, రెండు చివరలూ మధ్యా ముందు పిన్ను చేసి, మిగతాది సర్దుకుంటూ మళ్ళీ కుట్టండి. కొద్దిపాటి అలే అయితే విప్పొద్దు. బోర్డర్‌లో కుట్టు వరసలు కాస్త దగ్గరగా వేస్తే ఆ వదులును అవే లాక్కుంటాయి.

ఇక ఒకటి పొడుగు, ఒకటి పొట్టి కుట్లు. వీటిని ముట్టుకోవద్దు. చేతికుట్టులో ముందు రావాల్సింది సమానత్వం, సన్నదనం తర్వాత వస్తుంది. కొత్తవాళ్ళు చిన్న కుట్టు కోసం పాకులాడి రెండూ పోగొట్టుకుంటారు. కాస్త పెద్దవైనా సరే, ఒకే పొడుగున వేయడానికి ప్రయత్నించండి. దారం మూరెడుకు మించకూడదు, పొడుగైతే చిక్కుపడుతుంది, రాసుకుని నలుగుతుంది. సూది పొట్టిదైతే చేతికి లొంగుతుంది. ఒక్కో కుట్టుకూ సూదిని బయటికి లాగకుండా మూడు నాలుగు కుట్లు సూది మీద ఎక్కించి ఒక్కసారి లాగితే అవి ఒకే కొలతకు వస్తాయి, ఎందుకంటే అప్పుడు మీ చెయ్యి ఒక లయలో కదులుతుంది. మిగిలిన సగం కుట్టేసరికి మీ కుట్టు మారుతుంది. ఇది నేను ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, నేర్చుకునేవాళ్ళ బొంతల్లో మొదటి వరసలూ చివరి వరసలూ నేను స్వయంగా చూశాను. అప్పుడు మొదటి సగం విప్పి కొత్త చేత్తో మళ్ళీ కుట్టాలనిపిస్తుంది. వద్దు. అలా మొదలుపెడితే ఏ బొంతా ఎప్పటికీ పూర్తి కాదు.

పూర్తి చేయమని ఇంతగా పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకు బ్లాకులు కుట్టడం మాత్రమే బాగా వస్తుంది. మూడు పొరలు కలపడం, మూడు పొరల అంచులనూ కప్పుతూ చివర్లో చుట్టూ వేసే అంచు పట్టీని మూలల దగ్గర మడవడం, పట్టీ రెండు చివరలూ కనపడకుండా కలపడం, తొలిసారి ఉతకడం, ఇవన్నీ చివరిదాకా వెళ్ళినవాళ్ళే నేర్చుకుంటారు. లోపాలున్న మూడు బొంతలు పూర్తి చేసినవాళ్ళు, ఒకే బొంతను మూడుసార్లు విప్పినవాళ్ళకంటే ఎంతో ముందుంటారు. అంచు పట్టీ కుట్టాక బొంత రూపమే మారిపోతుంది. అంతవరకూ గజిబిజిగా కనిపించింది ఒక్కసారిగా ఒద్దికగా నిలబడుతుంది. మీరింకా ఆ దశ చూడకుండానే తీర్పు చెప్పేశారు.

ఉతికిన తర్వాత మళ్ళీ మారుతుంది. నూలు బ్యాటింగ్ తొలి ఉతుకులో రకాన్ని బట్టి 3 నుంచి 5 శాతం దాకా కుంచించుకుపోతుంది. కుట్ల మధ్య బట్ట సన్నగా ముడుచుకుని, బొంతంతా మెత్తగా నలిగినట్టు అవుతుంది. కొద్దికొద్దిగా తప్పిన మూలలు, హెచ్చుతగ్గు కుట్లు ఆ నలుగులో కలిసిపోతాయి. పాలిస్టర్ బ్యాటింగ్ అయితే ఇంత మార్పు రాదు, ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. ఉతికే ముందు ఎరుపు, ముదురు నీలం లాంటి ముక్కలను తడి తెల్లబట్టతో రుద్ది రంగు వదులుతుందేమో చూసుకోండి. మొదటిసారి చల్లటి నీళ్ళలోనే ఉతకండి.

ఫొటోల సంగతి. మీరు చూసేవాటిలో చాలావరకు వంటిల్లంత పొడుగుండే లాంగ్ ఆర్మ్ మెషిన్ల మీద కుట్టినవి. వాటిలో కొన్నిటికి కంప్యూటర్ గీసిన డిజైన్ ప్రకారం సూది తనంతట తానే కదులుతుంది. పైపొర మాత్రం తాము కుట్టుకుని, ఆ పనికి డబ్బిచ్చి వేరేవాళ్ళతో చేయించుకునేవాళ్ళూ ఎందరో. అందులో తప్పేమీ లేదు. కానీ మొదటిసారి సూది పట్టిన చేతికుట్టును దాని పక్కన పెట్టి తూచడం న్యాయం కాదు. పైగా ఫొటో తీసినవాళ్ళు నాలుగు గజాల దూరంలో నిలబడ్డారు, మీరు మీ బొంతను జానెడు దూరం నుంచి చూస్తున్నారు. గోడకు వేలాడదీసి గది అవతలి చివరికి వెళ్ళి చూడండి. అప్పుడు కనిపించేది మూలలు కాదు, రంగులు. ఏ రంగు పక్కన ఏది పెట్టారన్నదే బొంతను నిలబెడుతుంది. మీ ఉత్తరంలో రంగుల గురించి ఒక్క ఫిర్యాదూ లేదు, గమనించారా?

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చోట నల్లజాతి మహిళలు పాత పనిబట్టలతో తరతరాలుగా కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చాయి. 2006లో అక్కడి తపాలా శాఖ వాటితో పది స్టాంపులు వేసింది. వాటిలో గీతలు వంకరగా పోతాయి, చతురస్రాలు చతురస్రాల్లా ఉండవు. వీటిని మీ కలవని మూలలకు సమర్థనగా చూపించడం లేదు. ఆ వంకర వాళ్ళు చూసి ఎంచుకున్నది, మీది అనుకోకుండా వచ్చింది. అయినా వాటి ముందు నిలబడ్డవాళ్ళు స్కేలు తీయలేదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవచ్చు.

మీ పరిస్థితికి దగ్గరైన బొంత ఇంకొకటి ఉంది. 1841లో రాజా అనే ఓడ సుమారు 180 మంది మహిళా ఖైదీలను బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాలోని ఇప్పటి టాస్మేనియాకు తీసుకెళ్ళింది. జైళ్ళ సంస్కరణ కోసం పనిచేసిన ఎలిజబెత్ ఫ్రై, ఆమె సంఘంలోని మహిళలు ఖైదీలకు బట్ట ముక్కలు, సూదులు, దారాలు ఇచ్చి పంపారు. మూడు నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో కొందరు కలిసి 2,815 ముక్కలతో ఒక పెద్ద బొంత పైపొర కుట్టారు. అందులో కొన్నిచోట్ల కుట్టు చక్కగా ఉంటుంది, కొన్నిచోట్ల సూది పట్టడం అప్పుడే నేర్చుకుంటున్న చేతులని తెలిసిపోతుంది. సూది గుచ్చుకున్న వేళ్ళ నెత్తుటి మరకలు కూడా బట్ట మీద ఉండిపోయాయి. ఇప్పుడది కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఉంది, ఆ దేశపు అతి విలువైన వస్త్రాల్లో ఒకటిగా చూసుకుంటారు. ఊగే ఓడలో కూర్చుని వాళ్ళు ఎవరి కుట్టో బాగాలేదని ఆ వరసను విప్పించి ఉంటే ఆ బొంత తీరం చేరేదే కాదు.

పూర్వం బొంతలు కుట్టేవాళ్ళు దేవుడొక్కడే తప్పులేనివాడన్న వినయంతో కావాలనే ఒక తప్పు పెట్టేవారని ఒక కథ చెబుతుంటారు. బొంతల చరిత్ర పరిశోధించినవాళ్ళకు దానికి ఆధారమేమీ దొరకలేదు. ఆ కథ నాకు నచ్చదు కూడా. కావాలని పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాదు, రెండొందల డెబ్బై ముక్కలు కలిపే పనిలో తప్పులు వాటంతటవే వస్తాయి.

ఈ పని మీకు రాదేమో అన్నారు. మెషిన్ మీద గలీబులు కుట్టే రోజుల్లో మూడు మిల్లీమీటర్ల తేడా మీ కంటికి కనిపించేదా? ఇప్పుడు కనిపిస్తోంది. ఈ ఒక్క బొంతతోనే మీ కన్ను ఎంతో నేర్చుకుంది. చెయ్యి దాన్ని అందుకోవడానికి ఇంకొంచెం టైం పడుతుంది, అంతే. కుట్టు నేర్చుకునేవాళ్ళు చాలామంది సరిగ్గా ఈ దశలోనే ఆపేస్తారు. అందుకే మీ ఉత్తరం చదివి నాకు కాస్త కంగారు కలిగింది.

నవ్వుతారా అంటే, మీ అక్క నవ్వదు. బంధువుల్లో ఎవరైనా ఒక మాట అనొచ్చు, అననివ్వండి. మీరు మాత్రం ఇచ్చేటప్పుడు తప్పులు ఎత్తి చూపించకండి. "ఇదిగో ఇక్కడ కలవలేదు, ఇది చూడకు, ఇది పాడైంది" అని మొదలుపెడితే ఆవిడ సంతోషాన్ని పక్కనపెట్టి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఇచ్చి ఊరుకోండి. వెనక ఒక మూలన చిన్న తెల్ల గుడ్డ ముక్క కుట్టి, దాని మీద మీ పేరు, బిడ్డ పేరు, సంవత్సరం దారంతో రాయండి.

ఇచ్చేముందు ఒక్క పని మర్చిపోవద్దు. బొంతంతా రెండు వైపులా చేత్తో తడిమి, కచ్చా కుట్టు దారాలు, పిన్నీసులు, గుండుసూదులు ఒక్కటి కూడా మిగల్లేదని చూసుకోండి. అక్కకు ఇంకో మాట తప్పకుండా చెప్పండి: ఏడాది నిండేదాకా బిడ్డ నిద్రపోయేచోట దీన్ని కప్పొద్దు, పక్కన ఉంచొద్దు. పసివాళ్ళ ముఖం మీద పడితే ఊపిరాడదు కాబట్టి పిల్లల డాక్టర్లు మెత్తటి దుప్పట్లేవీ పడకలో వద్దంటారు. మెలకువగా ఉన్నప్పుడు, పక్కన పెద్దవాళ్ళు చూస్తుండగా, నేల మీద పరిచి బిడ్డను బోర్లా పడుకోబెట్టడానికి బాగా పనికొస్తుంది. నాలుగు నెలల పిల్లలు మెడ నిలబెట్టి చుట్టూ చూసేది అలాగే, రకరకాల రంగుల గళ్ళు కళ్ళముందు ఉంటే ఇంకా ఉత్సాహంగా చూస్తారు. ఇంకో రెండు మూడు నెలల్లో పాకడం మొదలవుతుంది. అంతలోపే అందేలా, ఈ వారమే పిన్నీసులు పెట్టడం మొదలుపెట్టండి.